నేను కొట్టివేసిన అంకె

నాలుగు రోజుల క్రితం మా చేను కౌలుకు చేస్తున్న అతను రాజమండ్రిలో మా ఇంటికి వచ్చి, రావులపాలెంలో బస్సు మారుతూ కొన్నానంటూ డజను చక్రకేళీ పళ్ళు బల్ల మీద పెట్టి, వాటి పక్కనే, పళ్ళకన్నా మెల్లగా, ఒక కాగితం కూడా పెట్టి వెళ్ళాడు. కౌలు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టవలసిన కాగితమది. ఒప్పందం పదకొండు నెలలకేననీ, దీనివల్ల భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదనీ, పంట రుణానికీ నష్టపరిహారానికీ తప్ప మరి దేనికీ పనికిరాదనీ అందులో విడమరచి రాసి ఉంది. జీవితమంతా పిల్లలకు తెలుగు వాచకం చెప్పినదాన్ని, అర్థం కాలేదని తప్పించుకోవడానికి లేదు. అయినా నాలుగు రోజులూ కలం తీయడం, మూత పెట్టడం, కాగితాన్ని కళ్ళద్దాల డబ్బా కింద దాచడం. భయం వేసింది, అంతే. ఇలాంటి భయాన్ని నేను వయసులో ఉండగా ఒకసారి దగ్గరగా చూశాను కనుక, ఇప్పుడు అది నాలోనే కాపురం పెట్టేసరికి వెంటనే గుర్తుపట్టాను.

నా ఈడువాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, డిగ్రీ చదివి టీచరుద్యోగం కోసం ఎదురుచూసే ఆడపిల్లకు ఆ రోజుల్లో చేతిలో నాలుగు కాగితాలూ ఒక పెన్నూ పెట్టి ఊళ్ళోకి పంపే పని దొరికితే కలెక్టరయినంత సంబరంగా ఉండేది. ఢిల్లీ నుంచి ఒక పరిశోధకురాలు మా డెల్టాలో కౌలుదారుల భూమి హక్కుల మీద పుస్తకం రాయడానికి వచ్చి, ఇంటింటికీ వెళ్ళి వివరాలు రాసే పనికి నన్ను పెట్టుకున్నారు. ఆవిడను మేడమ్ అనేదాన్ని. అంతకుముందు చాలా ఏళ్ళు నేపాల్‌లో మైదానపు ఊళ్ళలో ఇదే పని చేశారట. నేపాల్ అంటే మంచుకొండలే అనుకునే నాకు, అక్కడా మనలాగే వరిచేలున్నాయనీ, దున్నేది ఒకరూ కాగితంలో పేరుండేది మరొకరూ అనీ ఆవిడ బస్సులో పక్క సీట్లో కూర్చుని చెబుతుంటే వింతగా ఉండేది. అక్కడ చట్టం వచ్చిననాడు కౌలుదారుగా పేరు నమోదైనవాళ్ళకు హక్కు నిలిచిందనీ, తాతలనాటి నుంచి దున్నుతున్నా పేరు ఎక్కనివాళ్ళు, అందులోనూ తక్కువ కులాలవాళ్ళూ ఆడవాళ్ళూ, ఉత్తచేతులతో మిగిలిపోయారనీ చెప్పి, కాబట్టి పేరూ, ఎన్నేళ్ళ నుంచి సాగు చేస్తున్నారన్నదీ జాగ్రత్తగా రాయమని నాకు మరీ మరీ చెప్పేవారు.

నన్ను పంపిన ఊరు పాలకొల్లు అవతల, కాలవ గట్టు మీద మా మేనత్తగారిది. పెళ్ళికాని పిల్ల పరాయి ఊళ్ళో ఎక్కడుంటుందని మా నాన్న అక్కడైతేనే సరేనన్నారు. అత్తయ్యకు పిల్లల్లేరు, నేనంటే ప్రాణం. మావయ్య ఆ ఊళ్ళో భూమున్న ఆసామి, మంచి మనిషి, పెద్ద బద్ధకస్తుడు. ఆయన బద్ధకం గురించి ఎందుకు చెబుతున్నానంటే, కథంతా దానివల్లే వచ్చింది. మా వైపు కౌలు నోటిమాట మీదే నడిచేది, దానికి తోడు రెండు మూడేళ్ళకోసారి కౌలుదారును ఒక చేను నుంచి ఇంకో చేనుకి మార్చే పద్ధతి ఉండేది. ఒకే చేలో ఎక్కువకాలం ఉంటే పాతుకుపోతాడని, రేపు నాదే అంటాడని ఆసాములకు దడ. మావయ్య మాత్రం ఆ మార్చడానికి కూడా బద్ధకించి, ఎకరంన్నర చేనును ఊరి చివర పేటలోని ఒకామెకు వదిలేశాడు. ఆమెకు భర్త పోయాడు, కొడుకూ కోడలూ ఆమెతో సమానంగా చేలో దిగేవారు, ఆదివారం చర్చికి వెళ్ళే పూట తప్ప ఆమె గట్టు మీద కనిపించని రోజుండేది కాదు. నా కంటే పాతికేళ్ళు పెద్దదైనా నేను ఆమెను పేరుపెట్టి ‘నువ్వు’ అని పిలిచేదాన్ని, ఆమె నన్ను అండీ అనేది. అప్పుడలాగే ఉండేది, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

కాగితాలతో ఆమె గుమ్మంలోకి వెళ్ళి, ఆ చేను ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నావని అడిగాను. పేరు రాస్తారా, ఎవరికి చూపిస్తారు, అయ్యగారికి తెలుస్తుందా అని మూడుసార్లు అడిగింది. ఎవరికీ చూపించనని నేను మాటిచ్చాకే, చంకలోని మనవణ్ణి కోడలికి అందించి, పదకొండేళ్ళు అని గొంతు తగ్గించి చెప్పింది. నేను గుండ్రటి అక్షరాలతో పేరూ, చేను గుర్తూ, పదకొండు అనే అంకె కూడా రాసుకున్నాను. ఇంటికి వచ్చి, ఎండకు తల తిరుగుతోందని, కాగితాలు వరండాలో మావయ్య పడక్కుర్చీ మీదే పడేసి స్నానానికి పోయాను. ఆ కుర్చీ మీద కాగితాలు పెట్టడమంటే ఆయన చేతిలో పెట్టడమేనని నాకు తట్టలేదు, అది మా ఇల్లు కదా, మావయ్య నా మావయ్య కదా.

తడిజుట్టుతో బయటికొచ్చేసరికి ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదువుతున్నాడు. కోప్పడితే బాగుండేది. ఆ అంకె మీద వేలు పెట్టి, బెదురుగా నావైపు చూశాడు.

“పదకొండేళ్ళని రాశావేంటమ్మా? ఇది రేపు కోర్టులో పడితే మన చేను మనది కాదన్నమాటే.”

కోర్టుకు కాదు మావయ్యా, పుస్తకం కోసమని చెప్పాను. పుస్తకమైతే మరీ ప్రమాదమన్నాడాయన, అచ్చులో పడ్డాక కాదంటే ఎవరు నమ్ముతారని. ఆ సాయంత్రమే ఆమెకు కబురు వెళ్ళింది, ఈ తొలకరి సార్వా పంటకు ఆ చేను వదిలేసి మురుగుకాలవ పక్క పల్లపు చేలో దిగమని. పెద్ద వాన పడితే ముందు మునిగేది ఆ చేనేనని ఊళ్ళో అందరికీ తెలుసు. పైగా ఆమె అప్పటికే పాత చేలో నారుమడి పోసేసింది, జానెడెత్తు లేచింది కూడా. ఆ రాత్రి నాకు రెండు భయాలు. ఆమె వచ్చి నన్ను నలుగురిలో అడిగితే ఏం చెప్పాలన్నది ఒక భయమూ, అసలు రాకపోతే ఎలా అన్నది ఇంకో భయమూ.

మర్నాడు పొద్దున్నే పెరట్లో గడ్డివామి చాటుకు వచ్చి నిలబడింది. నన్ను ఒక్క మాటనలేదు.

“మీరు తప్పు రాయలేదండి, నే చెప్పిందే రాశారు. ఆ పదకొండుని ఒకటి చేసేసి అయ్యగారికి చూపించండమ్మాయిగారూ. నారు ముదిరిపోద్దండి.”

అలా చేస్తే నీ హక్కు పోతుందని, మేడమ్ చెప్పిన నేపాల్ సంగతంతా అక్కడే నిలబడి ఆమెకు అప్పజెప్పాను. ఎంత చదువుకున్న తెలివితక్కువదాన్నో చూడండి. ఆమె ఓపిగ్గా విన్నది.

“ఆయ్. ఆళ్ళకి అన్యాయమే జరిగిందండి. నాకు ముందు ఈ సార్వా జరగాలండి.”

కాగితం లోపల్నుంచి తెచ్చి, పెరట్లోని నూతి గట్టు మీద పెట్టి, పక్కపక్కనున్న రెండు ఒకట్లలో ఒకదాన్ని కొట్టివేశాను. ఒక్క గీత. ఆమె ఆ గీతను చివరిదాకా చూసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. మావయ్య ఆ కాగితం చూసి, అమ్మయ్య అని, అత్తయ్యను ఇంకో గ్లాసు కాఫీ అడిగాడు. చేను ఆమెకే ఉండిపోయింది, ఆ ఏడాదికి. ఒకసారి బెదిరిన మనిషి కదా, ఆ తర్వాత మాత్రం ఆయన బద్ధకించలేదు. రెండేళ్ళకోసారి ఆమెను ఒక చేను నుంచి ఇంకో చేనుకి తిప్పుతూనే ఉన్నాడు, ఒకసారి మురుగుకాలవ పక్కకు కూడా.

కబురు పేటంతా పాకింది. ఆ రోజు నుంచి నేను ఏ గుమ్మంలోకెళ్ళినా ఒకే జవాబు, ఈ ఏడేనండి మొదలెట్టింది. అరచేతులు కాయలుకట్టిపోయిన ముసలాయన కూడా అదే చెప్పాడు, నేనూ నోరెత్తకుండా ఒకటి అనే రాసుకున్నాను. కొన్నేళ్ళకు మేడమ్ పుస్తకం పోస్టులో వచ్చింది. ఆ ప్రాంతంలో కౌలుదారులు ఏటేటా మారిపోతుంటారని, అందుకే హక్కు అడగలేకపోతున్నారని అందులో ఉంది. ఆ పేజీ దాటి నేను చదవలేకపోయాను. ఆవిడకు నిజం చెబుతూ ఉత్తరం రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో, ధైర్యం చాలలేదు. పోస్టుమాన్ సైకిలు గంట వినిపిస్తే చాలు, ఆవిడ కనిపెట్టేసి రాశారేమోనని పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

అత్తయ్య పోతూ ఆ ఎకరంన్నర నా పేర రాసింది. ఇప్పుడు దాన్ని చేస్తున్నది ఆనాడు నానమ్మ చంకలో ఉన్న ఆ మనవడే. ఎన్నేళ్ళ నుంచి అని నేనెప్పుడూ లెక్కపెట్టలేదు, నిజం చెప్పాలంటే లెక్కపెట్టడం ఇష్టంలేకపోయింది. పోయిన కార్తీకంలో వానలకు పంట పడిపోతే, నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు రికార్డులో ఉన్న నా పేరే రాసుకుపోయారు. నేనా రోజు ఇక్కడ ఫ్యాను కింద ఉన్నాను, అతను మోకాటిలోతు నీళ్ళలో ఉన్నాడు.

ఈ పొద్దున్న మళ్ళీ వచ్చాడు. పళ్ళు అయిపోయాయి, కాగితం ఎక్కడిదక్కడే ఉంది. దానివైపే చూస్తూ, నావైపు చూడకుండా అన్నాడు.

“పర్లేదులెండి టీచరుగారూ, మీకు ఇబ్బందైతే వదిలెయ్యండి. ఈ ఏడు కూడా నోటిమాట మీదే చేసుకుంటానండి.”

పద్యం రాని పిల్లలు నన్ను చూసి భయపడటం ఎరుగుదును గానీ, ఒక పెద్దమనిషి తన తిండి నా చేతిలో ఉందని భయపడటం ఈ వయసులో కొత్త. నూతి గట్టు దగ్గర నిలబడ్డ ఆమె కళ్ళు అచ్చంగా ఇవే. కలం తీసి సంతకం పెట్టేశాను. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని, రెండుసార్లు తడిమి చూసుకుని వెళ్ళాడు.

ఆకాశంలోంచి డ్రోన్లు పొలాలు కొలుస్తున్నాయి, కొత్త సర్వే రాళ్ళు పాతారు, ఏ చేను ఎవరిదో ఫోన్లో కనిపిస్తోంది. మేడమ్ లేరు, మావయ్య లేడు, ఆ నానమ్మా లేదు. ఆమె పదకొండేళ్ళు మాత్రం ఇప్పటికీ ఏ కాగితంలోనూ లేవు, ఉన్న ఒక్క చోటా నేనే కొట్టేశాను. అంతా తెలిసి, సంతకం పెట్టినందుకు మనసు తేలికపడి కూడా, అతను గేటు వేసిన చప్పుడు వినగానే నేను చేసిన మొదటి పని ఫోన్ తీసి, ఆ చేను ఇంకా నా పేరనే ఉందా అని చూసుకోవడం. ఉంది. కాసేపాగి మళ్ళీ చూసుకున్నాను.