మూడో బంతి చప్పుడు

నాలుగు రోజులుండి వస్తానని తుర్కయంజాల్‌లో కూతురింటికి వెళ్లిన మా ఇంటి ఓనరు పెద్దమ్మ పోయిందని ఆ కూతురే ఫోన్ చేసింది. "అమ్మ పోయింది మేడం. పొద్దుగాల చాయ్ తాగి పండుకున్నది, మళ్ల లేవలే" అంది. నేనప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో, పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్లో ఉన్నాను. ఎవరు పోయారని పక్కవాళ్లు అడిగితే ఇంటి ఓనరు అన్నాను. మరి ఇల్లు ఖాళీ చేయాలా అన్నారొకరు. ఆవిడ నాకేమవుతుందో చెప్పడానికి వేరే మాట దొరకలేదు.

ఎల్బీనగర్‌లో ఆవిడది కింది వాటా, పై వాటాలో నేనొక్కదాన్నే ఉంటాను. నిరుడు నా ఛాతీ ఎముక వెనక గడ్డ ఉందని తేలింది. ఛాతీ కోయకుండా, చంక కింద చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ తీసేస్తామన్నారు డాక్టర్లు. వెంట ఎవరుంటారని అడిగితే, ఇంటికొచ్చి ఆ మాట పెద్దమ్మతో అన్నాను. పెద్దమ్మ సంచిలో దుప్పటి పెట్టుకుని వచ్చేసింది. పేషెంటు మీకేమవుతుందని నర్సు అడిగితే, "మా ఇంట్ల ఉంటది. ఇంకేం కావాలె?" అంది.

గాట్లు చిన్నవి కావడమే నాకు చిక్కు తెచ్చింది. త్వరగానే ఇంటికి పంపేశారు. ఫోన్ చేసినవాళ్లంతా కీహోల్ ఆపరేషనేగా అని తేల్చేశారు. చూడటానికి రావాలని ఎవరికీ అనిపించలేదు. నాకేమో దగ్గితే నొప్పి, నవ్వితే నొప్పి. ఒక వాక్యం పూర్తి చేయడానికి కూడా ఊపిరి చాలేది కాదు. ఇక పాఠం చెప్పలేనేమో, ఎలా బతకాలో అని బెంగపడ్డాను. "గాటు చిన్నగుంటే ఏంది బిడ్డా, లోపలికెళ్లి తీసింది చిన్నదా?" అంది పెద్దమ్మ. ఆ మాటకి కరువుతీరా ఏడ్చాను.

ఊపిరితిత్తులు మళ్లీ సాగాలని ఆసుపత్రివాళ్లు మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ఇచ్చారు. గొట్టంలోంచి గాలి లోపలికి పీలిస్తే బంతులు ఒక్కొక్కటే పైకి లేచి టక్కుమంటాయి. నేను పైన తలుపు దగ్గర కుర్చీ వేసుకునేదాన్ని. మోకాళ్ల నొప్పుల మనిషి కదా, ఆవిడ కింద మెట్టు మీద కూర్చుని తోటకూర తుంచుకుంటూ చెవి ఇటు పడేసేది. "ఊదు బిడ్డా" అనేది. ఊదడం కాదు పెద్దమ్మా, పీల్చాలి అని ఎంత చెప్పినా ఆవిడకి ఊదుడే. రెండు చప్పుళ్లకే ఆగిపోతే, "మూడోది రాలే. ఇంకోసారి" అనేది. మూడోది మోగితే చాయ్ పెట్టేది. పైకి మాత్రం తెచ్చేది కాదు, నేనే దిగి తాగాలి. దిగితే ఇంకాస్త సేపు కూర్చోబెట్టేది.

ఇప్పుడు గంటసేపు ఆపకుండా పాఠం చెబుతున్నాను. ఇక పరికరం అక్కర్లేదని డాక్టరు ఎప్పుడో అన్నారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. పొద్దున్నే ఆ చప్పుడు వినకపోతే తనకి తోచదంది. నిజానికి నాకూ తోచేది కాదు.

కర్మకాండలయ్యాక కూతురు వచ్చి కింది వాటాకి తాళం వేసి వెళ్లింది. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే తలుపు దగ్గర కుర్చీ వేసుకుని గొట్టం నోట్లో పెట్టుకున్నాను. ఒక బంతి లేచింది. రెండోది లేచింది. మూడోదానికి ఊపిరి ఇంకా మిగిలే ఉంది. కావాలనే ఆపేసి, కింది మెట్టు వైపు చెవి పెట్టి కూర్చున్నాను.