క్యాసెట్టులో ద్రౌపది పెండ్లి

పరంధామయ్య భాగవతార్ గొంతు ఎంత పెద్దదంటే, మా ఊరి పందిట్లో ఆయన ద్రౌపది జుట్టు విప్పించి శపథం చేయిస్తే, ఐరాల సంతలో బేరాలాడుతున్న ఆడవాళ్ళు చెయ్యెత్తి కొప్పులు తడుముకునేవాళ్ళు. మధ్యలో మూడు మైళ్ళ దూరం. నమ్మనివాళ్ళు నమ్మకపోయినా నష్టం లేదు, తడుముకున్నవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది.

మా ఊళ్ళో ధర్మరాజుల గుడి ఉంది. ఎండాకాలంలో ఆ గుడి ముందు భారతం పెడతారు. మధ్యాహ్నం పందిట్లో భాగవతార్ హరికథ చెబుతాడు, రాత్రి అదే కథను వేషాలు కట్టి ఆడతారు. మా ఊరు అయిపోతే పక్క ఊరు, అది అయిపోతే ఇంకో ఊరు. పరంధామయ్య నాయన కూడా ఇదే కథ చెప్పేవాడు. పరంధామయ్యకు భారతం తప్ప వేరే పని చేతకాదు. మడక పట్టిస్తే ఎద్దులకు కథ చెబుతూ నిలబడిపోతాడని ఆయన భార్య చంద్రకాంతమ్మ ఆయన్ను చేను దరిదాపులకు రానిచ్చేది కాదు.

ఊరివాళ్ళు ఇచ్చే సంభావన హార్మోనియం ఆయనకూ మృదంగం ఆయనకూ సరిపోయేది. భాగవతార్ ఇల్లు గడిచేది ద్రౌపది పెండ్లి రోజు మీదే. ఆ రోజు కథ వినడానికి ఎవరూ రారు, పెండ్లికి వస్తారు. అర్జునుడు మత్స్యయంత్రం కొట్టగానే కథ ఆగుతుంది. జనం ఒక్కొక్కరే లేచి పెండ్లికూతురికి చదివింపులు ఇస్తారు. రెండు రూపాయలు, అయిదు, లేదంటే ఒక రవిక గుడ్డ. ఇచ్చినవాళ్ళ పేరును భాగవతార్ రాగంలో పెట్టి పాడాలి. ఊరికే చదివితే ఒప్పుకోరు. మా రెడ్డిగారికి కల్యాణి రాగంలో పాడి, ఆయన తమ్ముడికి మోహనలో సరిపెట్టినందుకు అన్నదమ్ములు వేరు పడినారు. ఆస్తి తగాదా అని కోర్టులో చెప్పుకున్నారు గానీ, అసలు కారణం ఊరందరికీ తెలుసు.

ఇట్లా బతుకుతున్న మనిషిని ఉద్ధరించడానికి ఎనభై మూడులో మద్రాసు నుంచి ఒక క్యాసెట్ల కంపెనీ వచ్చింది.

కంపెనీ తరఫున వచ్చినవాడి పేరు దేవనాథన్. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల అంబాసిడర్ కారు. మనసు మాత్రం కారులోనే పెట్టి దిగేవాడు. "భాగవతార్ గారూ, మీ భారతం మొత్తం ఎనిమిది క్యాసెట్లు చేస్తాం. అమ్మినదాంట్లో నూటికి అయిదు మీకు. ఇదిగో, ముందుగా రెండు వేలు" అని నోట్లు చేతిలో పెట్టాడు.

పరంధామయ్య పుట్టి బుద్ధెరిగినాక ఆయన చేతిలో నోట్లు పెట్టినవాళ్ళెవరూ వాటిని తిరిగి అడగలేదు. అందుకని అలవాటు ప్రకారం అక్కడే, తిన్నె మీదే, శంకరాభరణంలో ఎత్తుకున్నాడు: "మద్రాసు పట్నవాసులూ, మహాదాతలూ, దేవనాథన్ గారూ రెండు వేలూ..." దేవనాథన్ కదిలిపోయి కండ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే పెన్ను మూత తీసి ఇచ్చాడు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పమని పరంధామయ్య నా దగ్గరికి తెచ్చాడు. సంతకం పెట్టి, మద్రాసు వెళ్ళి, పాడి వచ్చినాక తెచ్చాడు. అంతకు ముందే చదివించుకుంటే దేవనాథన్‌ను అనుమానించినట్టు ఉంటుందట. మర్యాద తెలిసిన కుటుంబం.

మా కాన్వెంటు సిస్టర్లు నాకు నేర్పిన ఇంగ్లీషు ప్రభువును ప్రార్థించడానికీ, జ్వరం వచ్చిందని సెలవు చీటీ రాయడానికీ బాగా పనికొచ్చేది. ఆ కాగితం చదివినాక రెండూ చెయ్యాలనిపించింది. నూటికి తొంభై అయిదు కంపెనీది, అయిదు పరంధామయ్యది. అంతవరకు సరే. స్టూడియో బాడుగ, వాయిద్యగాళ్ళ కూలి, అట్ట మీది బొమ్మ, లారీ ఖర్చు, దారిలో పగిలినవి, అంగళ్ళకు ఊరికే ఇచ్చినవి, మొదట చేతిలో పెట్టిన ఆ రెండు వేలు, అన్నీ మాత్రం ఆ అయిదులోంచే పట్టుకుంటారు. తొంభై అయిదును ఎవరూ ముట్టుకోరు. అది మడి కట్టుకొని కూర్చుంది.

ఇంకొకటి కూడా ఉంది. అయిదేండ్లు అయ్యేదాకా, ఆ తరవాత కూడా బాకీ మిగిలుంటే అది తీరేదాకా, పరంధామయ్య కంపెనీ అనుమతి లేకుండా జనం ముందర భారతం చెప్పరాదు. చెబితే అయిదు వేలు జుల్మానా కట్టాలి.

అంతా విని పరంధామయ్య, "సామీ, రెండు వేలు చదివింపు కదా? దాన్ని బాకీలో యాడ కలుపుతారు?" అన్నాడు.

చంద్రకాంతమ్మ లోపలి నుంచి, "తిరిగి అడిగే చదివింపు యాడైనా ఉండాదా? నువ్వు పాడినావే శంకరాభరణం, అది తిరిగి ఇమ్మను ముందు" అంది.

క్యాసెట్లు వచ్చినాయి. అమ్ముడుపోయినాయి అనడం చాలదు. చిత్తూరు బస్టాండులో కాఫీ అంగడి, తిరుపతి బస్సులో డ్రైవరు నెత్తిన, మంగలి చిన్నబ్బ దుకాణంలో, ఎక్కడ విన్నా పరంధామయ్యే. చిన్నబ్బ గీకుడుకు భీముడి గద దెబ్బలు తాళం వేసేవి. గడ్డం తెగిన వాళ్ళు చాలామంది ఉన్నారు.

ఉగాది ముందర దేవనాథన్ మళ్ళీ దిగాడు. ఈసారి స్వీటు డబ్బా తెచ్చాడు.

"అయ్యా, మీ భారతం బ్రహ్మాండంగా పోతా ఉంది!"

"సంతోషం సారూ. నా భాగం ఎంతయింది?"

"మీరే మాకు నాలుగు వేల మూడు వందలు బాకీ."

పరంధామయ్య మైసూరుపాకు ముక్కను నోటి దాకా తెచ్చి ఆపాడు. "బాగా పోతా ఉండాది అంటివే?"

"బాగా పోవడం వల్లనే కదా! మళ్ళీ అచ్చేసినాం, లారీలు పెంచినాం, గోడలకు బొమ్మలు అంటించినాం. అంతా మీ పేరు కోసమే."

"ఇంకా బాగా పోతే?"

"ఇంకా పెద్ద బొమ్మలు."

చంద్రకాంతమ్మ అడ్డమొచ్చింది. "అయితే ఒక్కటి కూడా అమ్మకపోతే మాకు బాకీ ఉండదు కదబ్బయ్యా?"

"ఉంటుందమ్మా. స్టూడియో బాడుగ ఉంటుంది. పెండ్లి ఘట్టంలో అయ్యగారు కాఫీ తెచ్చినవాడి పేరు పాడేసినారు. మళ్ళీ మొదటి నుంచి పట్టాల్సి వచ్చింది. దాని ఖర్చు వేరే."

"సరే, ఆ బాకీ కథ చెప్పి తీర్చుకుంటాలేప్పా" అన్నాడు పరంధామయ్య.

"చెప్పకూడదు. కాగితంలో ఉంది."

"అది మా నాయన చెప్పిన కథ సారూ!"

"మీ నాయన చెప్పుకోవచ్చు. సంతకం ఆయన పెట్టలేదు కదా."

"ఆయన పోయి పదేండ్లయింది."

"అయితే సమస్యే లేదు" అని దేవనాథన్ స్వీటు డబ్బా మూత జాగ్రత్తగా మూసి, భాగవతార్ తిన్నె మీదే వదిలి వెళ్ళాడు. ఆ డబ్బా ఖరీదు ఏ ఖాతాలో రాశాడో నాకు తెలియదు, ఊహించుకోగలను.

దాంతో పరంధామయ్య నోరు కుట్టేసినట్టయింది. హార్మోనియం ఆయన బెల్లం గానుగలో పనికి పోయాడు. మృదంగం ఆయన సత్యవేడులో బావమరిది అంగట్లో కూర్చున్నాడు. మా ఊళ్ళో భారతం ముందుండి నడిపించే గంగాధరం చాలా తెలివైన మనిషి. "ఎనిమిది క్యాసెట్లు కొంటే సరిపోతాది. వాటికి భోజనం పెట్టే పని లేదు, కాఫీ అడగవు, పంచెలు ఇయ్యక్కర్లేదు" అని లెక్క తేల్చాడు. కువైట్ నుంచి ఎవరో తెచ్చిన టేప్ రికార్డరును వేదిక మీద పెట్టి, పూలదండ కూడా వేశాడు. అంత గౌరవం పరంధామయ్యకు ఎప్పుడూ జరగలేదు.

పెండ్లి రోజు వచ్చింది. పందిరి నిండింది. దేవనాథన్ గుడి పక్కనే అంగడి పెట్టి క్యాసెట్లు అమ్ముతున్నాడు. పరంధామయ్య జనంలో వెనకగా, పరాయి ఊరి చుట్టంలా కూర్చుని తన గొంతును తానే వింటున్నాడు. చేతులు మాత్రం తాళం లేకపోయినా ఆడుతున్నాయి.

టేపులో అర్జునుడు యంత్రం కొట్టాడు. కొంగుల ముడులు విప్పుకుని ఆడవాళ్ళు లేచారు. అందరికంటే ముందు ముసలి కుప్పమ్మ అయిదు రూపాయలు పట్టుకుని వేదిక దగ్గరికి వెళ్ళింది. టేపు ఆగలేదు. ద్రౌపది దండ వేసేసింది, పాండవులు ఇంటికి కూడా బయల్దేరారు.

"ఒరేయ్ గంగాధరం! నా పేరు యాడరా?"

"అవ్వా, అది మిషను. దానికి నీ పేరు తెలీదు."

"తెలీకపోతే అడగమను! నా పేరు లేకుండా పిల్లను అత్తగారింటికి పంపిస్తావా?"

పందిరంతా లేచింది. ఒకడు టేపు వెనక్కి తిప్పాడు, అర్జునుడు మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ఎవరి పేరూ రాలేదు. మూడోసారి కొట్టించేసరికి టేపు చుట్టుకుపోయి, అర్జునుడు అడ్డగాడిదలా ఓండ్ర పెట్టాడు. గంగాధరం ముఖంలో చెమట. రాత్రి వేషాల ఖర్చు ఆ చదివింపుల్లోంచే రావాలి, పళ్ళెంలో ఒక్క పైసా పడలేదు. వెళ్ళి పరంధామయ్య చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నువ్వు రావాల."

దేవనాథన్ అంగడి వదిలి పరుగెత్తుకొచ్చాడు. "భాగవతార్ గారూ, కథ చెబితే నోటీసు వస్తుంది. అయిదు వేలు జుల్మానా."

"కథ చెప్పను సారూ. పేర్లు చెబుతా. నీ కాగితంలో కుప్పమ్మ పేరు ఉండాదా?"

దేవనాథన్ నా వైపు చూశాడు. లేదని నేను తల ఊపాను.

పరంధామయ్య వేదిక ఎక్కి, పూలదండతో సహా మిషనును పక్కకు జరిపి, కుప్పమ్మ పేరు ఎత్తుకున్నాడు. ఏడాదిగా లోపల దాచిపెట్టిన గొంతు. ఐరాలలో కొప్పుల సంగతి నాకు తెలియదు, మా పందిట్లో మాత్రం గుంజలు కదిలినాయి. మునిలక్ష్మి రెండు రూపాయలు, వడ్రంగి మునిరామయ్య మూడు, రెడ్డిగారు పదకొండు, ఆయన తమ్ముడు పన్నెండు. పళ్ళెం నిండింది. పేర్లు అయిపోయినాయి. గంగాధరం టేపు మీట మీద వేలు పెట్టి, సైగ కోసం చూస్తున్నాడు.

పరంధామయ్య ఆగాడు. ద్రౌపది చేతిలో దండ అలాగే ఉంది. జనం అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు.

ఆయన సైగ చెయ్యలేదు. "అప్పుడా పాంచాలి..." అని కథ ఎత్తుకున్నాడు.

"జుల్మానా!" అని దేవనాథన్ కింద నుంచి అరిచాడు. "అయిదు వేలు! అందరూ సాక్షులే!"

పరంధామయ్య కథ ఆపలేదు, రాగం కూడా మార్చలేదు. "మద్రాసు పట్నవాసులూ, మహాదాతలూ, దేవనాథన్ గారూ, పెండ్లికూతురికీ అయిదు వేల రూపాయల అప్పు చదివించినారూ!"

"గోవిందా!" అంది పందిరి.

దేవనాథన్ కథ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. భాగవతార్ ఎన్ని పద్యాలు చెప్పాడో లెక్క పెట్టుకోవడానికి నిలబడ్డాడని గంగాధరం అంటాడు. దండ పడ్డప్పుడు ఆయన కూడా చేతులు జోడించాడని కుప్పమ్మ అంటుంది. ఇద్దరూ అబద్ధాలాడే మనుషులు కాదు.

ఇంటికి పోతూ దారిలో చంద్రకాంతమ్మ, "ఇప్పటికి ఎంతయింది బాకీ?" అని అడిగింది.

"తెలీదు. రేపు రాజసూయం" అన్నాడు పరంధామయ్య. "హార్మోనియం ఆయనకు కబురు పంపించు. గానుగ కాడ ఉంటాడు."