గండికోటలో చేపల పూట

శనగ పైరు వరసగా కొన్నేళ్లు ఎండిపోయాక మొగుడితో పాటు ఊరు విడిచి గండికోట లాడ్జిలో వంటకు కుదిరింది కృష్ణవేణమ్మ. డిసెంబరు వచ్చిందంటే ఆమెకు నడుం వాల్చే సందుండదు. క్రిస్మస్ ముందురోజు, ఇటలీ నుంచి దిగిన కుటుంబం కోసం పొట్టేలు కూర దించి గోడకు చేరగిలబడిందో లేదో, గైడు లేవి వచ్చి గడప దగ్గర నసిగాడు.

“అక్కా, వాళ్లు ఈ పొద్దు మాంసం ముట్టరంట. పండగ ముందురోజు రాత్రికి చేపలే తినల్లంట.”

“ఈ మాట పొద్దున్నే చెప్పింటే ఏమప్పా? మీరూ ఏసునే మొక్కుతారు గదా, మీకూ ఇట్లనేనా?”

“మాకు అట్లేం లేదక్కా. బిర్యానీ చేసుకుంటాం.”

కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదామెకు. శనివారం తాము నీచు ముట్టనట్టే వీళ్లదీ ఏదో పట్టింపు అనుకుంది.

లేవి మైలవరం డ్యాం దాకా పోయి రెండు బొచ్చె చేపలు తెచ్చాడు. కృష్ణవేణమ్మ పొలుసు తీస్తుంటే ఆ ఇటలీ కుటుంబంలోని ముసలావిడ అస్సుంత వంటింట్లోకొచ్చి, పీట లాక్కుని కూర్చుని, చాకుతో రెండో చేపను గీకడం మొదలుపెట్టింది. వెతుక్కుంటూ వచ్చిన కొడుకు లెమ్మని బతిమాలాడు. ఆవిడ తలెత్తలేదు. అతను విసిగిపోయి లేవితో ఇంగ్లీషులో ఏదో చెప్పుకున్నాడు.

“ఇంటికాడ ఏటా ఈ పొద్దు చుట్టాలందరికీ ఈమే వండుతాదంట. ఈ తూరన్నా కూచోనీలే అని ఇంతదూరం పిల్చుకోనొచ్చినాడంట,” అన్నాడు లేవి.

“కూచోవాలంటే అలవాటుండల్ల గదప్పా,” అంది కృష్ణవేణమ్మ.

ఒక చేప చింతపండు పులుసైంది. రెండోదాన్ని అస్సుంత ఉప్పూ వెల్లుల్లీ వేసి నూనెలో వేయించి నిమ్మకాయ పిండింది. కృష్ణవేణమ్మకు అది చప్పగా తోచింది. పులుసు రుచి చూసిన అస్సుంతకు కారానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఇంకో ముక్క వేసుకుంది.

బయట అందరూ తింటుంటే ఆవిడ వంటింట్లోనే ఉండి, పక్కన పీట వేసి చేత్తో తట్టింది. ఇద్దరూ పళ్లేలు ఒళ్లో పెట్టుకుని తిన్నారు. పొయ్యి వేడి వీపుకు హాయిగా తగులుతోంది.

అంతలో మేనేజరు కేకేశాడు. ఇంకో బస్సు వచ్చింది, టీ కావాలట. కృష్ణవేణమ్మ నేలకు చెయ్యి ఆనించి లేచింది. అస్సుంత కూడా లేవబోతే భుజం పట్టి ఆపింది.

“నువ్వు తిను పెద్దమ్మా.”

భాష తెలియకపోయినా ఆవిడ ఆగింది. కృష్ణవేణమ్మ గిన్నె కడిగి, పొయ్యి మీద పాలు పెట్టింది.