మా దగ్గర కొండల్లేవండి

రాజారత్నం టీచరుకి రెండో ఏట పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. అప్పట్నుంచి నలభై ఆరో ఏడు వచ్చేదాకా ఆవిడ ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరి వెనకాల కూర్చుని వెళ్లిందే. చిన్నప్పుడు బడికి తండ్రి దేవదానం సైకిలు, కాలేజీకి తమ్ముడి మోపెడ్, టీచరు ఉద్యోగం వచ్చాక రాజబాబు ఆటో. రాజబాబు మంచివాడే గానీ ఆటో నిండందే కదలడు. అది నిండేదాకా కోడూరు సెంటర్లో ఇనప పట్టీల బూటు తొడిగిన కాలు చాపుకుని, వచ్చేపోయేవాళ్లు దాన్ని చూస్తుంటే చూడనట్టు కూర్చోవడం ఆవిడకి అలవాటైపోయింది. అలవాటైంది కదా, ఇక బాధేముంటుందని మాత్రం అనుకోకండి.

క్లచ్ లేని కార్లు వచ్చాయనీ, వాటికి ఎడమకాలితో పనే లేదనీ తెలిసినప్పుడు ఆవిడ ఎవరికీ చెప్పలేదు. వేసవి సెలవుల్లో బందరు వెళ్లి నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, తెల్ల కారు కొనుక్కుంది. బడి తెరిచిన రోజు ఒక్కతే ఉల్లిపాలెం వారధి దాటి అవతలి ఒడ్డునున్న హైస్కూలుకి వెళ్లింది. వారధి మీద కృష్ణ రెండు వైపులా కనిపించింది. ఆటోలో ఎప్పుడూ మధ్యలో ఇరుక్కుని కూర్చునే మనిషి, అన్నేళ్లూ ఆవిడకి కనిపించినవి పక్కవాళ్ల భుజాలే. ఆ రోజు అవతలి ఒడ్డున కారాపి కాసేపు ఏడ్చిందట. ఈ మాట ఆవిడే నవ్వుతూ చెప్పేది.

పదకొండు నెలలు హాయిగా గడిచాయి. ఓ ఉదయం వారధి ఎక్కుతుంటే కారు గేరు తనంతట తాను ఊడిపోయింది. ఇంజను గీపెడుతోంది గానీ చక్రాలు తిరగడం లేదు, పైగా కారు మెల్లగా వెనక్కి జారుతోంది. వెనకాల రొయ్యల లారీ. బ్రేకు మీద కుడికాలు బిగించి, ప్రార్థన చేసుకుంటూ అలాగే కూర్చుంది. ఇంజను ఆపి మళ్లీ వేస్తే ఏమీ ఎరగనట్టు కదిలింది.

మధ్యాహ్నం స్టాఫ్‌రూంలోంచి కంపెనీకి ఫోన్ చేసింది. అవతల ఓ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"మేడమ్, ఘాట్ రోడ్లలో గానీ, ఎత్తు ఏరియాల్లో గానీ ఈ ప్రాబ్లం వస్తోందా అండీ?"

"మా దగ్గర కొండల్లేవండి. దివిసీమంతా చదునే. వారధి మీద ఆగిందండి."

"బ్రిడ్జి మీద ఆగింది. ఓకే మేడమ్, నోట్ చేసుకున్నాను."

రాజారత్నం ఇరవై ఏళ్లుగా ఆరో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతున్న మనిషి. డెల్టా అంటే నదులు తెచ్చిన ఒండ్రుమట్టితో ఏర్పడిన చదునైన నేల, ఇక్కడ కొండలుండవు. ఏటా బోర్డు మీద రాసే మాటే నోటికొచ్చింది. వారధి ఎక్కడమంటే ఎత్తు ఎక్కడమేనని ఆ క్షణాన తోచలేదు. ఈ గడ్డ మీద పుట్టినవాళ్లకి వారధి దారే గానీ ఎత్తు కాదు. ఆ అమ్మాయి మాత్రం తన కంప్యూటర్లో 'ఎత్తు రోడ్లు లేవు' అని టైపు చేసుకుంది. ఆ ముక్క ఇంకెవరూ చెరపలేకపోయారు.

బందరు వర్క్‌షాపులో సాత్విక్ అనే కుర్రాడు బండి తీసుకున్నాడు. తిట్టిపోయడానికి వీలైన మనిషైనా బాగుండేది, అతను కుర్చీ వేసి టీ తెప్పించేవాడు. బండిని బందరు రోడ్ల మీద తిప్పి తెచ్చి, "అంతా పర్ఫెక్ట్‌గా ఉందండీ టీచర్‌గారూ" అనేవాడు. మొదటిసారి ఆయిల్ మార్చారు. రెండోసారి సాఫ్ట్‌వేర్ అన్నారు. మూడోసారి ఏం చేశారో వాళ్లకే తెలియాలి. ప్రతిసారీ రెండు మూడు వారాలు బాగా నడిచేది, తర్వాత మళ్లీ వారధి మీదే మొరాయించేది.

"బాబూ, ఒక్కసారి వారధి దాకా తీసుకెళ్లి చూడండి" అని బతిమాలింది.

"టెస్ట్ డ్రైవ్‌కి ఐదు కిలోమీటర్లు దాటకూడదండీ. అయినా ఎత్తు రోడ్ల ప్రాబ్లం కాదని మీరే చెప్పినట్టుంది కదండీ ఇక్కడ."

పొరపాటున చెప్పానని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. రాసిన ప్రతి ఉత్తరానికీ ఓ కొత్త నంబరొచ్చేది, దాని కింద ఓ కొత్త పేరుండేది. ఆ కొత్త పేరు మళ్లీ మొదట్నుంచి అడిగేది. ఓసారి బండి వాళ్ల దగ్గరున్నన్నాళ్లూ వాడుకోమని ఇంకో కారిచ్చారు. దానికి క్లచ్ ఉంది. సాత్విక్ తాళం చేతికిస్తూ ఆవిడ కాలివైపు చూసి, నాలుక కరుచుకుని తల దించుకున్నాడు. ఆవిడ రాజబాబుకి ఫోన్ చేసింది. కాళ్లరిగేలా తిరిగారంటారే, ఆవిడకున్నది ఒక్క కాలు, అదీ అరిగిపోయింది.

గుడివాడలో కంపెనీ సర్వీసు క్యాంపు పెట్టి, పెద్ద ఇంజనీరు వస్తున్నాడంటే పామర్రు మీదుగా తనే నడుపుకుంటూ వెళ్లింది. ఆ దారిలో ఉల్లిపాలెం వారధి తగలదు, అంతా చదునే కాబట్టి బండి బుద్ధిగా నడిచింది. హేమంత్ అనే ఆ ఇంజనీరు ఓపిగ్గా విని, "ఎత్తు మీదే కదమ్మా, ఇప్పుడే చూద్దాం" అన్నాడు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అతను కారుని తీసుకెళ్లి, బండ్లు కడగడానికి కట్టిన నాలుగడుగుల దిమ్మ మీదికెక్కించాడు, చక్కగా ఎక్కింది. 'ఎత్తు పరీక్షలో లోపం కనిపించలేదు' అని రాసి సంతకం పెట్టాడు. మా వారధి చూస్తే ఈ మాట రాయరండీ అంటే, సాయంత్రానికి ఏలూరులో ఉండాలన్నాడు.

తర్వాతి సోమవారం వారధి మీద గేరు మళ్లీ ఊడింది. ఈసారి బ్రేకు పట్టేలోపే కారు జారి, వెనకాల మోపెడ్ మీద పాలక్యాన్లతో వస్తున్న బసవపున్నయ్యని తాకింది. ఆయన పడ్డాడు, మణికట్టు విరిగింది, పాలన్నీ వారధి వాలున పారాయి.

ఆస్పత్రిలో బసవపున్నయ్యే ఆవిడకి ధైర్యం చెప్పాడు. "నీ తప్పేముందమ్మా, బండి తప్పు. ఊరుకో."

ఆయన భార్య అచ్చమ్మ ఊరుకోలేదు. "కాలు సరిగ్గా లేని మనిషికి కారెందుకమ్మా? మా ఆయన చెయ్యి గనక సరిపోయింది, ప్రాణం పోతే ఎవరిస్తారు?"

ఈ మాట ఎవరో ఒకరు అంటారని రాజారత్నం కారు కొన్న రోజు నుంచీ ఎదురుచూస్తూనే ఉంది. జవాబు కూడా సిద్ధం చేసి పెట్టుకుంది. తీరా అన్న రోజున, విరిగిన చెయ్యి ఎదురుగా ఉండగా, ఆస్పత్రి డబ్బులు ఎక్కడ కట్టాలో అడిగింది.

అన్నీ వివరంగా రాసి, తన నడపడంలో లోపం లేదని నిరూపించడానికి లైసెన్సు నకలు కూడా జతచేసి కంపెనీకి పంపింది. జవాబు నెలకి, ఆవిడ స్టాఫ్‌రూంలో ఉండగా, ఫోనుకి వచ్చింది. ఎత్తు రోడ్లు లేవని కస్టమరే మొదట చెప్పారు, పరీక్షల్లో లోపం కనిపించలేదు, లైసెన్సు ప్రకారం డ్రైవరుకి అంగవైకల్యం ఉంది గనక ప్రమాదానికి అదే కారణమై ఉండొచ్చు, ఈ ఫిర్యాదు ముగించడమైనది. ఆవిడ రెండుసార్లు చదివి ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది. ఇంటికొచ్చాక కారు మీద టార్పాలిన్ కప్పింది. ఎవరెంత చెప్పినా మళ్లీ తాళం ముట్టుకోలేదు.

కొత్త ఏడాది ఆరో తరగతికి ఆ పాఠం మళ్లీ వచ్చింది. బోర్డు మీద ఎప్పటిలాగే రాసింది. డెల్టా చదునైన నేల, ఇక్కడ కొండలుండవు.

మూడో వరసలోంచి అక్షిత అనే పిల్ల లేచింది. "మరి వారధి ఎత్తే కదా టీచర్? మా తాత అక్కడికొచ్చేసరికి సైకిలు దిగి నడిపించుకెళ్తాడు."

ఇన్నాళ్లుగా ఇంతమంది పెద్దవాళ్లకి అర్థమయ్యేలా చెప్పలేకపోయిన సంగతి ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసింది. రాజారత్నం బోర్డు వైపు తిరిగి, తను రాసింది మళ్లీ చదువుకుంది.

"అవునమ్మా, ఎత్తే" అంది. "కూర్చో."

బడి వదిలేసరికి బయట రాజబాబు హారన్ కొట్టాడు. ఆ పూట ఆటో తొందరగా నిండింది.