సిటీ బస్సు తెచ్చే నిమ్మకాయ

ఈ పొద్దున ఊరగాయ పెడదామని సంచిలోంచి నిమ్మకాయలు కుమ్మరిస్తే ఒకదానికి ఆకు కూడా అంటుకుని ఉంది. తొడిమ గిల్లాను. కాయ చెట్టు నుంచి కొత్తగా తెగినప్పుడు వచ్చే ఆ పచ్చి వాసన, కాస్త చేదుగా, ముక్కులో గుచ్చుకునేలా ఉండే వాసన, వేలికి అంటగానే ఉలిక్కిపడ్డాను. అరవై దాటినదాన్ని, ముప్పై ఏళ్లు సర్కారు కచేరీలో పాత రికార్డులు సర్ది రిటైరైనదాన్ని, వంటింట్లో నిమ్మకాయ పట్టుకుని భయపడటమేమిటని నాకే నవ్వొచ్చింది. కాయలు అలాగే వదిలేసి, బీరువాలో వరసగా పేర్చిన డైరీల్లో అన్నిటికంటే అడుగున ఉన్నదాన్ని తీశాను. గోనెసంచుల వ్యాపారి నాయనకిచ్చిన డైరీ అది. నాయన నాకిచ్చాడు. అప్పుడు నేను ఆరో తరగతి. దానిలో నేను రాసిందంతా దాదాపు ఒక్కటే సంగతి: సిటీ బస్సు ఎన్ని గంటలకు వచ్చింది, నిమ్మకాయ వచ్చిందా లేదా.

బళ్లారి బజారులో మాది తాళ్ల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, ఆ వెనక పెరట్లో నిమ్మచెట్టు. కొబ్బరిపీచు మోకులు, జనపతాళ్లు, మంచాల నులక, ఎద్దుల పగ్గాలు, జట్కా గుర్రాల కళ్లేలు, అన్నీ దూలాలకు వేలాడుతుంటే మేము వాటి నడుమ తలలు వంచుకుని తిరిగేవాళ్లం. ఎండాకాలం మధ్యాహ్నం పూట కోటగుట్ట బండలు కాగి ఊరంతా పొయ్యిమీది పెనంలా అయిపోతే, నీళ్లు చల్లిన పీచుమోకుల చుట్టల మీద పడుకుని అచ్చంగాయలు ఆడుకునేవాళ్లం. ఎద్దుల పండగ కారుణ్ణిమ వస్తే చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తెక్కలకోట నుంచి కూడా, రైతులొచ్చి ఎద్దులకు రంగుతాళ్లు, కుచ్చులు, మూతితాళ్లు కొనుక్కుపోయేవాళ్లు. ఆ రోజు అవ్వ, అంటే నాయనమ్మ, బొబ్బట్లు, మా మాటలో ఓళిగలు, చేసేది. నెయ్యి పోసిన ఓళిగ వేడి, కొత్త రంగుతాళ్ల వాసన, ఎద్దుల మెడల్లో గంటలు, ఆ వెంటనే మొదలయ్యే ఆషాఢం గాలికి రేగే ఎర్రదుమ్ము, ఇవన్నీ నాకు ఒకే పండగగా గుర్తున్నాయి.

అలాంటి ఒక కారుణ్ణిమకు ముందే సిటీ బస్సు వస్తుందన్న మాట బజారులోకి వచ్చింది. అప్పటిదాకా బస్సంటే ఊరు దాటిపోయేది. ఊళ్లోనే తిరిగే బస్సు ఎందుకని అందరూ అడిగారు. ఎదురింటి బట్టల అంగడాయన తన అంగడి ముందరి తడికపందిరి పీకేస్తారేమోనని రోజుకు రెండుసార్లు దాన్ని కొలుచుకున్నాడు. కూరగాయల గంపలవాళ్లు రోడ్డు వదిలి ఎక్కడ కూర్చోవాలో తెలియక మా మెట్ల మీద చేరి ఏడ్చినంత పనిచేశారు. అన్నిటికంటే ఎక్కువగా పాకిన మాట ఇంకొకటుంది. అంత పెద్ద బండి కొత్తగా ఊళ్లోకొస్తే ఒక ప్రాణం తీసుకోకుండా కుదురుకోదట. ఆ మాట ఎవరు మొదట అన్నారో తెలియదు గానీ, వారం తిరిగేసరికి మా వీధిలో పిల్లలెవరూ గడప దిగి ఆడుకోలేదు. మా జట్కా ఖాసిం సాబు కళ్లేనికి తాడు కొనడానికొచ్చి, నాయనతో నెమ్మదిగా అన్నాడు:

"నా గుర్రం మనిషి అడ్డమొస్తే నిలబడిపోతాది. ఆ ఇనుప గుర్రానికి ఏం తెలుస్తాదప్పా?"

బస్సు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. డ్రైవరు ముందురోజే మా అంగడికి వచ్చి ఎద్దులకు కట్టే కుచ్చులు కొనుక్కుపోయాడు. మరునాడు ఆ కుచ్చులే బస్సు ముక్కుకు ఊగుతుండగా, బూడిదగుమ్మడికాయ పగిలిన తడి చక్రాలకు అంటుకుని ఉండగా, అది మా వీధి మలుపు తిరిగింది. వీధి వెడల్పంతా అదే ఉన్నట్టనిపించింది. దుమ్ములో దాని రెండు దీపాలు పగటిపూట వెలుగుతున్నాయి. ఖాసిం సాబు గుర్రం ముందుకాళ్లెత్తి నిలబడితే ఆయన దాని మెడ కావలించుకుని కళ్లు మూశాడు. దూలాలకున్న తాళ్లన్నీ వణికాయి. అవ్వ మా ఇద్దరినీ, నన్నూ సుశీలక్కనూ, చెరో రెక్క పట్టుకుని లోపలికి లాగి తలుపు గడియ వేసింది. నేను అవ్వ చీరలో ముఖం దాచుకున్నాను. అక్క మాత్రం కిటికీ సందులోంచి చూస్తోంది.

అక్క ఆ ఏడే ఎస్సెల్సీ పాసైంది. కాలేజీ రైలు పట్టాలకు ఆవల, కంటోన్మెంటు వైపు. ఖాసిం సాబు గుర్రం పట్టాల దాకా వచ్చి మొరాయించేది, రైలంటే దానికి బెదురు. అందుకని మా బజారు ఆడపిల్లల చదువు పట్టాలకు ఈవలే ఆగిపోయేది. ఇప్పుడు బస్సు పట్టాలు దాటి కాలేజీ గేటు ముందు ఆగుతుందట. అక్క రెండు రోజులు అన్నం సరిగా తినకుండా అడిగింది. నాయన మెత్తబడ్డాడు. అవ్వ మెత్తబడలేదు.

"నా మనవరాల్ని మింగి ఆ బండి కుదురుకోవల్లనా?" అంది.

చివరికి దారి కనిపెట్టింది కూడా అవ్వే. రోజూ పొద్దున చెట్టునుంచి ఒక నిమ్మకాయ కోసి, దేవుడి ముందు పెట్టి, అక్క పుస్తకాల సంచిలో వేస్తుంది. అక్క కాలేజీ దగ్గర క్షేమంగా దిగాక ఆ కాయ కండక్టరు చేతికివ్వాలి. బస్సు తిరుగు ప్రయాణంలో మా అంగడి ముందు నుంచే పోతుంది కాబట్టి కండక్టరు దాన్ని మాకు అందించాలి. కాయ వచ్చేదాకా అవ్వ పచ్చి మంచినీళ్లు ముట్టదు. నాయన దానికి తన షరతు ఒకటి కలిపాడు. "ఒక్క దినం తేడా వచ్చినా, చదువు ఆ దినంతో సరి," అన్నాడు.

కండక్టరు వీరభద్రప్ప కంపిలి వైపు మనిషి, కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడేవాడు. మొదటి రోజు ఈ సంగతి వినగానే నవ్వుతాడనుకున్నాం. నవ్వలేదు. ఫుట్‌బోర్డు మీంచి వంగి కాయ నా చేతిలో పెట్టి, లోపలికి వినబడేలా, "తగో అవ్వా, పాప దిగిపాయ. ఇంక తిను," అని అరిచాడు. బస్సులోవాళ్లంతా నవ్వారు. అవ్వ లోపల తట్టలో, అంటే పళ్లెంలో, బొరుగుల ఉగ్గాని పెట్టుకుని కూర్చుని దండం పెట్టుకుంది. ఆ రోజు నుంచి బస్సు కోసం మెట్ల మీద నిలబడటం నా పని. వచ్చిన సమయం గోడగడియారంలో చూసి డైరీలో రాసేదాన్ని. సుమారు తొమ్మిదీ నలభైకి వచ్చేది. పది నిమిషాలు ఆలస్యమైతే గడియారానికీ మెట్లకూ మధ్య తిరిగేదాన్ని. నెల గడిచినా ఆ బెదురు తగ్గలేదు, ఎందుకంటే బండి ఇంకా ఎవరినీ తీసుకోలేదు, కాబట్టి దాని ఆకలి ఇంకా అలాగే ఉందని మా బడిలో పిల్లలు చెప్పుకునేవాళ్లు.

శ్రావణంలో ఒక రోజు బస్సు రాలేదు. పది కొట్టింది. నన్ను బడికి పంపడం ఎవరికీ గుర్తు రాలేదు. పదిన్నరకు సైకిలు మీద వచ్చిన ఒకతను, రైలు గేటు దగ్గర సిటీ బస్సు నిలిచిపోయిందనీ, జనం గుమిగూడారనీ, ఏమైందో తెలియదనీ చెప్పి తన దారిన పోయాడు. బట్టల అంగడాయన గద్దె దిగి వచ్చి మా మెట్ల మీద నిలబడ్డాడు. అవ్వ తట్ట ముందు నుంచి లేవలేదు, ఏడవలేదు. పెదవులు మాత్రం ఎండిపోయి తెల్లబడ్డాయి. నాయన అంగీ తొడుక్కున్నాడు.

"పోయి పిల్చుకొస్తా. ఇంక చాలు ఈ చదువు," అన్నాడు.

నేను పెరట్లోకి పరుగెత్తాను. ముళ్లు గీసుకున్నా కాయ ఒకటి తెంపి, గౌనులో దాచుకుని, పక్కసందులోంచి వీధిలోకి వెళ్లి, మెట్లెక్కి వచ్చాను. "అవ్వా, కాయ వచ్చె. గేటు కాన్నుంచి ఒకాయన తెచ్చిచ్చిపాయ," అన్నాను.

అవ్వ కాయ తీసుకుంది. బొటనవేలితో తొడిమ తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత నా ముఖంలోకి, చేతిమీది గీతల్లోకి చూసింది. నాయన చెప్పులేసుకుని గడపలో ఉన్నాడు.

"వచ్చింది లేప్పా," అంది అవ్వ. "నువ్వు అంగడి చూసుకో. పాపా, తట్ట ఇట్ల జరుపు."

తినింది. ఆ ముద్దలు ఆమె గొంతు దిగడం నేను చూశాను, ఒక్కొక్కటి ఎంతసేపు పట్టిందో. నాయన అంగీ విప్పి గద్దెమీద కూర్చున్నాడు. అప్పుడు నన్ను పట్టుకున్నంత భయం అంతకు ముందెన్నడూ ఎరగను. అక్క నిజంగా ఆ చక్రాల కింద ఉంటే, వెళ్లబోయిన నాయనను ఆపింది నేనే.

పావు తక్కువ పన్నెండుకు హారను వినబడింది. నాయన లోపల ఎవరికో మోకు తూస్తున్నాడు. నేను అవ్వ పక్కనే ఉండిపోయాను. అవ్వ లేచింది. బస్సు పోయేటప్పుడు గడప కూడా దాటని మనిషి, మెట్లు దిగి, వీధి దాటి, ఫుట్‌బోర్డుకున్న కడ్డీ పట్టుకుంది. అరవొద్దని ఆమె నోటిమీద వేలు పెడితే వీరభద్రప్ప గొంతు తగ్గించి చెప్పాడు:

"గనుల గూడ్సు గేటుకడ్డంగా నిలిచిపాయ అవ్వా. పాప పొద్దున్నే దిగె, కాయ నా జేబులోనే ఉండాది. నువ్వు తినకుండా కూర్చునుంటావని నాకు ఈడ ప్రాణం కొట్టుకుంటా ఉన్నింది."

అవ్వ ఆ కాయను కొంగులో ముడివేసుకుని, నాయన వైపు ఒకసారి చూసి, చప్పుడు చేయకుండా పెరట్లోకి పోయింది. చెట్టు మొదట్లో కూర్చుని అప్పుడు ఏడ్చింది. సాయంత్రం అక్క ఎప్పటిలాగే వచ్చింది. అవ్వా నేనూ ఆమెకు ఏమీ చెప్పలేదు.

మరునాడు పొద్దున కాయ కోయడానికి అవ్వ నన్ను పక్కన నిలబెట్టుకుంది. ఏమంటుందోనని తల వంచుకున్నాను.

"ఇంగోసారి తెస్తే," అంది కాయ వైపే చూస్తూ, "తొడిమ తుడిచి తీసుకురా. పచ్చికాయ జిగురు చేతికంటుకుంటాది."

నేను ఇంకాస్త పెద్దయ్యాక గానీ ఆమె ఏం చేసిందో పూర్తిగా అర్థం కాలేదు. కాయ అబద్ధమని తెలిసి, మనవరాలు ఏమైందో తెలియక, ఆ బస్సుకు మా అందరికంటే ఎక్కువ భయపడే మనిషి, అక్క చదువు ఆగకూడదని ఆ ముద్దలు మింగింది.

అక్క ఆ కాలేజీ ముగించి, టీచరై, రిటైరై, ఇప్పుడు హొసపేటలో ఉంది. తాళ్ల అంగడి ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఖాసిం సాబు జట్కా స్టాండు ఎక్కడుండేదో నేను చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. రైలు గేటు మీద వంతెన వచ్చింది. పెరడు లేదు, చెట్టు లేదు, అవ్వ లేదు. సిటీ బస్సులు నా కిటికీ కిందే పోతుంటాయి, తల ఎత్తి చూసేవాళ్లు లేరు.

డైరీలో ఆ రోజు పేజీ తీసి చూశాను. చిన్నపిల్ల గుండ్రటి అక్షరాల్లో ఉంది: "బస్సు 9.40. నిమ్మకాయ వచ్చింది. అవ్వ తినింది." ఇన్నేళ్ల డైరీల్లో తెలిసి నేను రాసిన అబద్ధం అదొక్కటే. దిద్దుదామని చాలాసార్లు పెన్ను తీశాను, ఈ పొద్దున కూడా. మళ్లీ మూత పెట్టేశాను. వంటింట్లోకి వెళ్లి, ఆకు ఉన్న ఆ కాయ తొడిమను కొంగుతో శుభ్రంగా తుడిచి, తక్కిన వాటిలో కలిపాను.