ఎర్ర పెన్సిల్ రోజులు

పర్చూరు నుంచి సముద్రం ముప్పై కిలోమీటర్ల లోపే. అయినా ఆ ఊళ్లో సముద్రం గురించి భయపడ్డ మనిషిని ఒక్కరినే చూశాను. పేరు సిద్దికా. ఒకప్పుడు డీటీపీ షాపులో శుభలేఖలు కొట్టేది. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని, చనిపోయిన మామగారి రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. ఆయన పేరు నన్నే సాహెబ్.

సాహెబ్ వాడరేవు నుంచి వారం వారం పడవ మీద వెళ్లి, పరిశోధకుల కోసం సముద్రపు నీళ్లు పట్టి తెచ్చేవాడు. ఆ నీళ్లలో కంటికి ఆనని మొక్కలుంటాయి. మనం పీల్చే ప్రాణవాయువులో దాదాపు సగం వాటి చలవేనట. ఆ సంగతి చదివాక మిరప యార్డులో తుమ్ముతూ కూడా గాలిని తిట్టడం మానేశాను. సరే, అసలు సంగతికొస్తాను. ఏ రోజు ఏ మొక్కలు ఎన్నున్నాయో సాహెబ్ సూక్ష్మదర్శిని కింద చూసి అంకెల్లో రాసుకున్నాడు. అవి విపరీతంగా పెరిగి నీళ్లు ఎర్రబడిన రోజున మాత్రం మాట రాయలేదు, పేజీ అంచున ఎర్ర పెన్సిల్ రుద్దాడు.

సిద్దికా పంపిన అంకెలతో విశాఖలో పరిశోధన చేస్తున్న బిందుమాధవి ఒక శుక్రవారం పొద్దున ఫోన్ చేసింది.

"సిద్దికా గారూ, ఎనభై మూడులో పంతొమ్మిది ఎర్ర రోజులేంటండీ? మిగతా ఏడాదుల్లో ఐదారు దాటలేదు. సాయంత్రం పేపర్ అచ్చుకి పంపించేస్తున్నాం. ఒక్కసారి చూడండి."

సిద్దికా ట్రంకుపెట్టె తెరిచి ఆ ఏటి రిజిస్టర్ తీసింది. పేజీల మధ్య నుంచి మిరపగింజ ఒకటి ఒళ్లో పడింది.

పురుగు పట్టకుండా కందిపప్పులో వేసినట్టే, నిరుడు రిజిస్టర్ల మధ్య ఎండుమిరపకాయలు పెట్టింది తనే. వానలకు అవి మెత్తబడి, బరువుకు నలిగి, పేజీల అంచులకు ఎర్రగా అంటాయి. పెన్సిలేదో మిరపకాయేదో చూపుకి తెలియడం లేదు. సాయంత్రం దాటితే, సముద్రం ఎర్రబడని రోజులు ఎర్రబడ్డట్టుగా లోకంలో నిలిచిపోతాయి. అదీ మామగారి పేరు మీద.

"కారమో కాదో కంటికేం తెలుస్తదే? నాలిక్కి తెలుస్తది," అంది అత్త మస్తాన్‌బీ, సంగతి విని, పొయ్యి దగ్గర నుంచే.

"పెన్సిలు చెరిగిపోతే, అత్తమ్మా?"

"వేలు తడిచేసి ఆ కొసన అద్దు. పేజీ మొత్తం నాకమన్నానా?"

ఒక్కో పేజీకీ ఊపిరి బిగబట్టి, వేలు అద్ది, నాలుక మీద పెట్టుకుంది. పన్నెండు మండాయి. ఆరు మండలేదు. మిగిలిన ఒక్కటి మండింది గానీ, ఆ మరక కింద గీతలున్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఆ పేజీ మీద వేలు రెండోసారి పెట్టే ధైర్యం చాలలేదు.

నాలుగున్నరకు ఫోన్ చేసి, మిరపకాయల దగ్గర నుంచి అంతా చెప్పేసింది. మధ్యమధ్యలో ముక్కు ఎగబీలుస్తూనే ఉంది.

"ఏడుస్తున్నారా?" అంది బిందుమాధవి.

"కారమండీ. కొంచెం ఏడుపు కూడా."

"ఆ పంతొమ్మిదోది ఏమని రాయమంటారు?"

ఎర్ర రోజంటే అబద్ధం కావచ్చు. కాదంటే మిగతా ఏడాదులతో లెక్క కుదిరి, తన తప్పు కప్పబడిపోతుంది.

"తెలియదని రాయండి. నా వల్లే తెలియకుండా పోయిందని కూడా రాయండి."

ఫోన్ పెట్టేసి పెట్టె వైపు చూసింది. ఇంకా ఇరవై రెండు రిజిస్టర్లున్నాయి. వాటిలోని మిరపకాయలు ఒక్కొక్కటే, ఊపిరి తగలనివ్వకుండా, ఏరడం మొదలుపెట్టింది.