నా వీపు నటించిన సినిమా

మా పుదుచ్చేరిలో షూటింగులు ఆ రోజుల్లో పెద్ద వింతేమీ కాదు. సముద్రం పక్క వీధుల్లో, పసుపు గోడల ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు పాట పాడుకుంటూ పరిగెత్తుతూనే ఉండేవారు. మేం సైకిలు గంట కొట్టి, పక్కకి తప్పుకుని మా దారిన పోయేవాళ్ళం. అయితే ఆ వయసులో ప్రతి అమ్మాయికీ మనసులో ఒక గట్టి నమ్మకం ఉంటుంది. ఆ కెమెరా పొరపాటున అటు తిరిగి ఉందనీ, అది తిరగాల్సింది తనవైపనీ. నాకా నమ్మకం అందరికంటే కాస్త ఎక్కువే ఉండేది. (కాస్త అంటున్నాను గానీ మా అన్న వింటే నవ్వుతాడు.)

అప్పుడు నేను తట్టాంచావడిలో ఒక చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టును. మురుంగపాక్కంలో మా ఇంటి నుంచి ఊరంతా దాటుకుని రోజూ సైకిల్ మీదే పోయి వచ్చేదాన్ని. ఎదురుగాలిలో కూడా చీర చెంగు చెదరకుండా తొక్కగలనని నాకు పేరు. (ఆ పేరు పెట్టింది నేనే.) ఒక ఆదివారం పొద్దున, మా వీధి చివర సైకిళ్ళు బాడుగకిచ్చే మామ మా ఇంటి గడపలో నిలబడి అమ్మతో చెప్పాడు.

"తెలుగు సినిమావోళ్ళు వచ్చినారు అక్కా. హీరోయినమ్మకి సైకిల్ తొక్కను రాదంట. జడ పొడుగ్గా ఉండే పిల్ల ఒకతి కావాలంట. మన పాపకి జడా ఉండాది, తొక్కనూ వచ్చు."

అమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. "సినిమాలోనా? వద్దప్పా. రేపు ఎవురు చేసుకుంటారు దీన్ని?"

"మొగమే కనపడదు అక్కా. వెనకనించి వీపు మాత్రమే తీస్తారంట."

అమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆవిడ లెక్కలో పరువంతా ముఖంలోనే ఉంటుంది, వీపుకి అంత బాధ్యత లేదు. "మొగం కనపడదంటే సరి. నేనూ వస్తా," అంది. నేను తల వంచుకుని "నీ ఇష్టం అమ్మా" అన్నాను. లోపల మాత్రం అప్పటికే నిర్ణయించుకున్నాను. వీపు చూపించడానికి నేను పోవడం లేదు. ఎక్కడో ఒకచోట, ఒక్క క్షణం తల తిప్పితే చాలు. నా ముఖం చూశాక ఆ డైరెక్టరు హీరోయిన్ని ఇంటికి పంపేసి, నా కాల్షీట్లు అడుగుతాడు. (కాల్షీటు అంటే ఏమిటో నాకు తెలియదు. సినిమా పత్రికలు చదివే స్నేహితురాలి నోట విన్న మాట అది.)

షూటింగు దగ్గర నాకు హీరోయిన్ కట్టుకున్నటువంటి నీలం చీరే కట్టించారు. అసలు హీరోయిన్ గొడుగు కింద కూర్చుని నిమ్మరసం తాగుతూ నా జడ వైపు చూసి, "ఎంత బావుందో, నిజం జడేనా?" అంది. ఆ ఒక్క మాటతో నేను భూమికి జానెడు పైకి లేచాను. అమ్మ ఎదురు అరుగు మీద, చూపు నా మీదే పెట్టుకుని కాపలా కూర్చుంది. టోపీ పెట్టుకున్న అసిస్టెంటు డైరెక్టరు వచ్చి పని వివరించాడు. కెమెరా నా వెనకే ఉంటుంది. నేను నేరుగా తొక్కుకుంటూ పోవాలి. మూల దగ్గర హీరో పేపరు చదువుతూ నిలబడి ఉంటాడు. ఆయన్ని దాటి పక్క వీధిలోకి మళ్ళాలి.

"అంతేనండీ. మీరు ఎటూ చూడక్కర్లేదు," అన్నాడు.

మొదటిసారి సగం దారిలో వెనక్కి చూశాను. "అమ్మాయిగారూ, తల తిప్పకండి," అన్నాడు టోపీ ఆయన. రెండోసారి రోడ్డు పక్క కాలవలో ఏదో పడినట్టు అటు చూశాను. ఆయన దగ్గరికొచ్చి, "మెడ ఏమైనా పట్టేసిందా అండీ?" అని నిజమైన జాలితో అడిగాడు. అరుగు మీద నుంచి అమ్మ, "ఏందిమే, అట్ల ఇట్ల చూస్తాండావు? రోడ్డు చూసి తొక్కు," అంది. ఇక మూడోసారి తప్పదనుకున్నాను. హీరో దాకా పోయి, సరిగ్గా అక్కడ, అద్దం ముందు ఎన్నోసార్లు సాధన చేసిన చిరునవ్వుతో పూర్తిగా వెనక్కి తిరిగాను.

నేను చూస్తున్నది వెనక్కి, సైకిల్ పోతున్నది ముందుకి. పేపరు చదువుతున్న హీరో నా సైకిల్ వచ్చి గుద్దుకునేదాకా తల ఎత్తలేదు, పాపం మంచి నటుడు. నేను ఒక పక్క, సైకిల్ ఒక పక్క పడ్డాం. ఆయన తెల్ల ప్యాంటుతో కాలవలో కూర్చున్నాడు. అమ్మ అరుగు దిగి పరిగెత్తుకొచ్చి, నన్ను లేపి, కాలవలో ఉన్న హీరోని చూసి, "ఏమప్పా, సైకిల్ వస్తాంటే నకరాల్ల? దోవలో నిలబడి పేపర్ ఏంది చదివేది?" అని నిలదీసింది. ఆయనకి ఆ "నకరాల్ల" అర్థం కాలేదనుకుంటాను. పక్కకి జరగాలి కదా అని అమ్మ అరవం కలిపి అడుగుతోంది. ఆయన మాత్రం బుద్ధిగా "సారీ అమ్మా" అన్నాడు.

నేను ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను. అప్పుడు కెమెరా వెనకనుంచి నవ్వు వినిపించింది. డైరెక్టరు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "ఇది ఉంచేద్దాం," అన్నాడు. నా వైపు కాదు, టోపీ ఆయన వైపు చూసి. ఆ తర్వాత హీరోయిన్ని కదలని సైకిల్ మీద కూర్చోబెట్టి, ఇద్దరు మనుషులు పట్టుకుని, ఆవిడ వెనక్కి తిరిగి నవ్వడం, పడిపోవడం తీశారు. నాకు మోకాలికి పసుపు మందు రాసి, టిఫిను పెట్టి పంపేశారు. నా కాల్షీట్లు ఎవరూ అడగలేదు.

సినిమా మా ఊరికొచ్చినప్పుడు చుట్టాలందరం పోయాం. తెర మీద నా జడ, నా వీపు, నా మలుపు. ముఖం తిరిగేలోపే కత్తిరించి హీరోయిన్ నవ్వు అతికించారు. "యాడుండావే నువ్వు?" అని అత్త అడుగుతూనే ఉంది. "అద్దో, ఆ వీపు," అని అమ్మ సంతోషంగా చూపించింది, ముఖం కనపడదన్న మాట నిలబెట్టుకున్నారని. అవ్వ ఒక్కతే, "దాని వంకర తొక్కుడు చూస్తే తెలీదా, మన పిల్లే," అంది.

ఆ సినిమా తర్వాత తర్వాత గొప్పదైపోయింది. పేరు చెప్పను, చెబితే మీరు ఇప్పుడే పెట్టుకుని చూస్తారు. ఆ సైకిల్ సన్నివేశం గురించి టీవీలో ఒక పెద్దమనిషి మాట్లాడుతూ, ప్రేమ పుట్టే క్షణంలో ఆ అమ్మాయి తనకే తెలియకుండా వెనక్కి తిరుగుతుందని వివరించాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను చిక్కుడుకాయలు తుంచుకుంటూ ఉండిపోయాను.

మొన్న కళ్ళ డాక్టరు దగ్గరికి పోయి, ఆనాడు షూటింగు జరిగిన వీధి మీదుగా వస్తుంటే, గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి బాడుగ సైకిల్ పట్టుకుని నన్ను ఆపింది. "ఆంటీ, నేను వెనక్కి తిరగ్గానే ఒక ఫోటో తీస్తారా?" అని ఫోను ఇచ్చింది. తీశాను. బాగా రాలేదు, భుజం కూడా తిప్పమ్మా అన్నాను. మళ్ళీ తీశాను. ఈసారి ఆ పిల్లకి నచ్చింది. "మీరు ఆ సినిమా చూశారా ఆంటీ?" అనడిగింది. ఎందుకో నోరు ఆగక, అందులో సైకిల్ తొక్కింది నేనేనని చెప్పాను. ఆ పిల్ల నా తెల్ల జుట్టునీ, చేతిలో మందుల సంచినీ చూసి, "అవునా ఆంటీ," అంది, పెద్దవాళ్ళ మనసు నొప్పించకూడదని ఇంట్లో నేర్పిన మర్యాదతో.

నాకు కోపం రాలేదు. ఆటోలో ఇంటికొస్తూ నవ్వుకున్నాను. ఆ పిల్లని ఏమని అంటాం? లోకమంతా తన ముఖం కోసమే ఎదురుచూస్తోందని నమ్మి, రోడ్డు వదిలేసి అంత ధీమాగా వెనక్కి తిరిగిన ఆ అమ్మాయి నేనేనంటే, ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు.